గుణకారం తాతగారు

శివపూర్, సాంత్రాగాఛీ, రామరాజాతల... హౌరాలో రైల్వే తెలుగువాళ్లు స్థిరపడిన పేటల్లో ఒక రకం పెద్దమనిషి తప్పకుండా తగులుతారు. ఆగ్నేయ రైల్వేలో రిటైరయ్యారు. కొడుకు జెర్సీ సిటీలో ఉన్నాడు. సందర్శకుల వీసా మీద వెళ్లి ఆర్నెల్లుండి వస్తారు. అక్కడున్నంతకాలం ప్రతి ధరనూ రూపాయల్లోకి గుణిస్తారు. ఇక్కడికొచ్చాక ప్రతి గతుకునూ అమెరికా రోడ్డుతో బేరీజు వేస్తారు. పేటలో పిల్లలు పెట్టిన పేరు గుణకారం తాతగారు.

బయట మార్కెట్టు ఎటు పోయినా ఆయన మనసులో డాలరు 85 రూపాయల దగ్గర ఆగిపోయింది. అక్కడ క్షవరానికి పాతిక డాలర్లని వినగానే రెండువేల పైచిలుకని తేల్చారు. ఆ డబ్బుతో హౌరాలో రెండేళ్లు తల బాగుచేయించుకోవచ్చు. అందుకే ఆర్నెల్లూ జుట్టు పెంచి, దమ్‌దమ్‌లో విమానం దిగిన మర్నాడే మంగలి కుర్చీలో కూర్చుంటారు. చూడలేక కొడుకు కొనుగోలు శక్తి పాఠం చెప్పాడు. ఒకే సరుకు, ఒకే సేవ రెండు దేశాల్లో ఎంతకు దొరుకుతాయో చూసి ప్రపంచ బ్యాంకు కట్టే లెక్కలో డాలరుకు దాదాపు 20 రూపాయలే. "ఇరవైతో గుణించు నాన్నా, క్షవరం ఐదొందలే" అన్నాడు. తాతగారు తలూపారు. కొడుకు జీతం పేటలో చెప్పేటప్పుడు మాత్రం 85కి ఒక్క పైసా తగ్గరు.

సాయంత్రం చాయ్ దుకాణం బల్ల మీద మట్టి భాండ్ పట్టుకుని కూర్చోగానే బెంగాలీ కుర్రాళ్లు అందుకుంటారు: "కాకూ, ఆమెరికా కేమోన్ దేఖ్‌లెన్?" బాబాయ్, అమెరికా ఎలా ఉందని. ఇంకేముంది! హారన్ మోగని వీధులు, నడిచేవాళ్ల కోసం ఆగే కార్లు, కుళాయి తిప్పి తాగే నీళ్లు వరసగా దిగుతాయి. సరిగ్గా అప్పుడే ఒక టోటో, అదే బ్యాటరీ రిక్షా, హారన్ కొట్టుకుంటూ ఆయన చెప్పు మీదుగా పోతుంది. సాక్ష్యం దొరికింది కనక ఇక ఐక్యరాజ్యసమితిని పిలుస్తారు. 2025 మానవాభివృద్ధి నివేదికలో అమెరికాది 17వ స్థానం, మనది 130.

కుర్రాళ్లు తగ్గరు. 1990లో మహబూబ్ ఉల్ హక్ ఆ సూచిక కడుతుంటే తోడ్పడింది మా అమర్త్య సేనే అంటారు. అందులో ఆయుర్దాయం, చదువు, ఆదాయం తప్ప, గంటసేపు అడ్డా వేసి కబుర్లాడడానికి మనుషులు దొరుకుతారా లేదా అన్న లెక్క లేదంటారు. తాతగారు ఆలోచనలో పడి ఇంకో చాయ్ చెప్తారు. జెర్సీ సిటీలో ఆయనతో ఓపిగ్గా గంటసేపు మాట్లాడింది ఒక్కడే. వాషింగ్ మెషీన్ వారంటీ గురించి ఫోన్ చేస్తే దొరికిన కుర్రాడు. వాడూ మన కోల్‌కతా సాల్ట్‌లేక్ నుంచే మాట్లాడుతున్నాడట.

అమెరికాలో మాత్రం ఆయన హౌరా పక్షం. దగ్గొస్తే డాక్టరు బిల్లు గుర్తొచ్చి దగ్గు మింగేస్తారు. 65 దాటినవాళ్లకు అక్కడి ప్రభుత్వ మెడికేర్ ఉంది గానీ, బయటి దేశం నుంచి వెళ్లి అక్కడ ఉద్యోగం చేయనివాళ్లు మామూలుగా గ్రీన్‌కార్డుతో వరసగా ఐదేళ్లు ఉంటే తప్ప అందులో చేరలేరు. జేబులో ఉన్నదేమో గార్డెన్ రీచ్ రైల్వే ఆసుపత్రి కార్డు. దాన్ని చుట్టాలందరికీ పాస్‌పోర్టులా తీసి చూపిస్తారు.

అసలు ఆయన్ని అమెరికా రప్పించింది అక్కడి ప్రసూతి సెలవు. 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. న్యూజెర్సీ రాష్ట్రం తన బీమా నిధి నుంచి కొంత సర్దుతుంది. మన దగ్గర 2017 సవరణ తర్వాత, చట్టం వర్తించే ఉద్యోగాల్లో, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాలు. కోడలు ఆఫీసుకు వెళ్లక తప్పలేదు. వియ్యాలవారి ఆర్నెల్లు అయిపోగానే వీళ్ల ఆర్నెల్లు మొదలయ్యాయి. "రిలీవర్ వచ్చాడు, మీరు డ్యూటీ దిగొచ్చు బావగారూ" అంటూ వియ్యంకుడి చేతిలోంచి మనవణ్ని అందుకున్నారు.

ఈ పోలికల జబ్బు ఆయనకు వారసత్వం. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చినవాడు. హౌరాలో ఉన్నంతకాలం నాగావళి నీళ్లను పొగిడి, ఊరెళితే హౌరా జీతాన్ని పొగిడేవాడట. ఆ తరంలో వేలాదిమంది ఇలాగే రైళ్లకూ జూట్ మిల్లులకూ వలసొచ్చారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపునిచ్చిన రోజు తాతగారు సంబరపడిపోయారు. మురుక్కాలవ మీద ఫిర్యాదు ఇకనుంచి తెలుగులోనే రాయొచ్చని.

ఈ మధ్య ఆయన లెక్కలు తారుమారయ్యాయి. కారణం, హుగ్లీ నది కింద 2024 మార్చిలో మొదలైన మెట్రో. నది అడుగున 520 మీటర్లు, ప్రయాణం 45 సెకన్లు. అంతవరకూ ఆయన గొప్పగా చెప్పుకునేది పాత్ రైలు గురించి. హడ్సన్ నది కింద నుంచి జెర్సీనీ మన్‌హటన్‌నూ కలుపుతూ 1908 నుంచి నడుస్తోంది. ఇప్పుడు రెండూ చెరోవైపు పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. అక్కడ న్యూయార్క్‌కి అవతలి ఒడ్డు, ఇక్కడ కోల్‌కతాకి అవతలి ఒడ్డు. రెండుచోట్లా పేరంతా ఎదుటి ఊరిది, రైలెక్కి పోయేవాళ్లు ఈ ఊరివాళ్లు. పదమూడువేల కిలోమీటర్లు వెళ్లి కొడుకు కొన్నది మళ్లీ హౌరాలోనే ఇల్లు! పాత్ రాత్రంతా నడుస్తుంది, మెట్రో నడవదు. ఆ ఒక్క మార్కూ అమెరికాకు వేసి, టికెట్టు ధరను గుణించి మళ్లీ కొట్టేశారు.

కిందటి నెల కొడుకు ఫోన్ చేసి డాలస్‌లో ఉద్యోగం వచ్చిందని, ఇల్లు పెద్దదని, స్కూలు మంచిదని, చుట్టూ తెలుగువాళ్లేనని చెప్పుకొచ్చాడు. తాతగారు అంతా విని ఒకటే అడిగారు.

"సరే గానీ నాన్నా, అక్కడ నదికి మనం ఏ పక్క?"