నూటికి నూరు శాతం

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ల కన్సల్టెన్సీలు బోలెడు. ఒక్కొక్క దాంట్లో ఓ మూలగది, ఆ గదిలో ఒక పెద్దమనిషి తప్పకుండా ఉంటారు. ఆయన లాయరు కారు, హెచ్‌ఆర్ కారు, మేనేజరంటే ఆయనకే నవ్వొస్తుంది. అయినా కంపెనీ ఓనరు సైతం తలుపు తట్టి గానీ లోపలికి వెళ్లడు. హెచ్-1బి కాగితాలు కట్టేది ఆయన. చివర్లో లాయరు సంతకం పెడతాడనుకోండి, పెళ్లిలో పురోహితుడికి దక్షిణ ఇచ్చినంత మాత్రాన వంటవాడి గొప్ప తగ్గుతుందా!

మా ఆఫీసులో ఆయన్ని మాస్టారు అనేవాళ్లం. నరసరావుపేట వైపు జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పేవారట. భార్యకి అమెరికాలో ఉద్యోగమొస్తే హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెంట వచ్చారు. వచ్చాక కొన్నేళ్లు పిల్లాణ్ణి బడికి దింపడం, లైబ్రరీ, పప్పు. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు వరసలో ఐ-140 పిటిషన్ అప్రూవైనవాళ్ల భార్యాభర్తలకి పనిచేసుకునే కార్డు ఇవ్వడం మొదలెట్టారు. కార్డు చేతికి రాగానే మాస్టారు జేబులో ఎర్రపెన్ను పెట్టుకుని మా ఆఫీసులో వాలారు. ఇరవై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండగలదా?

ఆయన గొప్పంతా సపోర్టు లెటర్లో ఉంది. ఈ ఉద్యోగానికి డిగ్రీ లేనిదే కుదరదని, అదీ ఫలానా చదువే కావాలని కంపెనీ ప్రభుత్వానికి రాసే ఉత్తరం అది. అందులో కుర్రాడు ఏ పని ఎంత శాతం చేస్తాడో విడగొట్టి రాయాలి. కూడితే నూరు రావాలి. తొంభై తొమ్మిదొస్తే మాస్టారికి ఆ పూట అన్నం సయించదు.

నా ఫైలు మొదటిసారి ఆయన ముందుకెళ్లిన రోజు బాగా గుర్తు.

"ఏం చేస్తావు నాయనా?"

"జావా రాస్తానండి."

"అది నీ పని. నీ ఉద్యోగం ఏమిటో చెప్పు."

నాకు అర్థం కాలేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చెప్పమన్నారు. చెప్పాను. ఎర్రపెన్ను కదిలింది. క్లయింటు తిట్లు వినడం 'వినియోగదారుల అవసరాల విశ్లేషణ, ఇరవై ఐదు శాతం' అయింది. పక్కసీటువాడి కోడు చూసి నిట్టూర్చడం 'నాణ్యతా సమీక్ష, పదిహేను' అయింది.

"మిగతా అరవై?"

"బగ్గులు సరిచేస్తానండి."

"ఎవరు పెట్టినవి?"

"నేనేనండి."

"అంతవరకూ చెప్పక్కర్లేదు."

అక్కడితో వదల్లేదు. ఏ పనికి కాలేజీలో ఏ సబ్జెక్టు ఆధారమో ఎదురుగా ఇంకో గడి గీశారు. డేటా స్ట్రక్చర్స్ దగ్గర ఆగి నా మొహంలోకి చూశారు. మా కాలేజీలో ఆ సబ్జెక్టుకి లెక్చరరు రానేలేదని ఒప్పేసుకున్నాను.

"మార్కుల లిస్టులో వచ్చాడుగా, చాలు" అన్నారు.

ఇలా అన్నానని ఆయన దొంగకాగితాల మనిషి అనుకునేరు. చెయ్యని ఉద్యోగానికి అనుభవం లెటరు పట్టుకొచ్చిన కుర్రాణ్ణి కుర్చీలో కూడా కూర్చోనివ్వలేదు. "ఉన్నదానికి పంచె కట్టి పంపిస్తాను. మనిషే లేకపోతే పంచె ఎవరికి కట్టను?" అన్నారు. దాఖలు ఖర్చులు కుర్రాడి జీతంలో పట్టుకుందామని ఓనరు నసిగితే, "మనం వాణ్ణి పట్టుకుంటే వాళ్లు మనల్ని పట్టుకుంటారు" అని తల కూడా ఎత్తకుండా చెప్పారు. ఆ ఫీజులు యజమానే కట్టాలని నియమం మరి.

ఆఫీసు వంటగదిలో మైక్రోవేవ్ పక్కన ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) నోటీసు అంటించేది కూడా ఆయనే. కంపెనీ ఎవరికైనా హెచ్-1బి వేస్తుంటే, ఎంత జీతానికి ఏ ఉద్యోగానికో పనిచేసే చోట రెండు జాగాల్లో పది రోజులు గోడకి పెట్టాలి. పేరు మాత్రం ఉండదు. పులిహోర వేడెక్కే రెండు నిమిషాల్లో ఆఫీసంతా ఆ జీతం ఎవరిదో లెక్కలు కట్టేది. "మనమిద్దరం ఒకేరోజు చేరాం కదరా!" అన్న కేకతో రెండు స్నేహాలు ఆ మైక్రోవేవ్ దగ్గరే చెడ్డాయి. మాస్టారు మాత్రం పదకొండోరోజు వచ్చి, నోటీసు పీకి, అంటించిన తేదీ, పీకిన తేదీ వేసి, ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయేవారు.

ఆయన్ని ఏడిపించినవి మన పేర్లే. పాస్‌పోర్టులో ఉన్నదంతా ఇంటిపేరు గడిలో కుక్కేసి, పేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లు అమెరికా వీసాలో 'ఎఫ్ఎన్‌యూ' అవుతారు, అంటే పేరు తెలియదని. బడిలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు, డిగ్రీలో ఐదు పొడి అక్షరాలు. అలాంటి కుర్రాడొకడొస్తే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ నాన్నగారు బారసాలనాడు నలుగురు దేవుళ్లకి మొక్కుకున్నారయ్యా, ఆ మొక్కులు నేను తీరుస్తున్నాను."

మార్చి వస్తే ఆయనకి పబ్లిక్ పరీక్షల కాలమే. ఏడాదికి 65 వేల వీసాలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. ఒకప్పుడు పూర్తి ఫైళ్లు కట్టి, ఏప్రిల్ 1కి అందేలా కొరియర్లో పంపితే, లాటరీ తరవాత తీసేవాళ్లు. తగలనివాళ్ల ఫైలు కట్ట కట్టినట్టే తిరిగొచ్చేది. 2020 నుంచి ముందు ఆన్‌లైన్లో పేరు నమోదు, లాటరీ తగిలితేనే ఫైలు. ఎంత కాగితం మిగిలిందోనని అందరూ సంతోషిస్తే మాస్టారు దిగులుపడ్డారు. "పేపరు రాయకుండానే రిజల్టా?" అన్నారు. స్కాన్ చేసిన సంతకం చాలన్నాక కూడా నీలం సిరా పెన్ను ముందుకి తోసేవారు.

ఆర్‌ఎఫ్‌ఈ వస్తే, అంటే ఇంకా ఆధారాలు పంపండని ఉత్తరమొస్తే, కుర్రాళ్లు బెంబేలెత్తి ఇంటికి ఫోన్లు చేసేవాళ్లు. ఆయన మొహంలో అప్పుడే కళ వచ్చేది. "ఇన్విజిలేటరు తనంతట తాను అడిషనల్ షీట్లు ఇస్తుంటే ఏడుస్తావేం?" గరిష్ఠంగా 84 రోజుల గడువు, మాస్టారు 83వ రోజు దాకా దిద్దేవారు.

2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్ మీద లక్ష డాలర్లన్న ప్రకటన శుక్రవారం సాయంత్రం పడింది, ఆదివారం నుంచి అమలన్నారు. శనివారమంతా మాస్టారి ఫోను మోగుతూనే ఉంది. పెళ్లికని ఇండియా వెళ్లినవాళ్లు తాళి కట్టాలో టికెట్టు కొనాలో ఆయన్నే అడిగారు. కొత్తవాటికే గాని ఉన్నవాళ్ల రెన్యువల్‌కి కాదని తేలేదాకా, సున్నాలు వేలితో లెక్కపెడుతూ కూర్చున్నారు.

ఇంట్లో కూడా ఇదే ధోరణి. ఒకసారి భోజనానికి పిలిచారు. ఈ ఇంట్లో తన డ్యూటీలేమిటో శాతాల్లో చెప్పమని మా ముందే భార్యని అడిగారు. "కూరలు తరగడం ఇరవై, గిన్నెలు పదిహేను, చెత్తబుట్ట ఐదు. మిగతా అరవై నాకు అడ్డం రాకుండా ఉండటం" అన్నారావిడ. మాస్టారు మనసులో కూడుకుని తృప్తిగా తలాడించారు.

మొన్న ఆవిడకి ఎక్స్‌టెన్షన్ వేశారు. పెద్ద కంపెనీ, దాని లాయర్లు ఎవరో ఎక్కడివాళ్లో తెలియదు. మాస్టారి కార్డు కూడా ఆ ఫైలు తోకపట్టుకునే నడవాలి. సపోర్టు లెటరు ఒక్కసారి చూపించమని ఆవిడ చేత మెయిలు పెట్టించారు. అది యజమాని పిటిషన్, అడిగిన చోట సంతకం చేస్తే చాలని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. ఊళ్లోవాళ్ల ఫైళ్లన్నీ తిప్పిన మనిషికి సొంత ఫైలు కంటికి ఆనలేదు. ఆ రాత్రి నిద్రపట్టక, తనే రాసి చూసుకుందామని తెల్లకాగితం, ఎర్రపెన్ను తీసుకుని వంటగది బల్ల దగ్గర కూర్చున్నారట.

"ఇన్నేళ్లయింది, నువ్వసలు ఆఫీసులో ఏం చేస్తావు?"

"జావా రాస్తాను."

"అది నీ పని. నీ ఉద్యోగం..."

"ఏవండీ," అన్నారావిడ సింకు కింద నుంచి మూటకట్టిన సంచీ తీసి బల్ల పక్కన పెడుతూ, "మీ ఐదు శాతం ఇంకా ఇక్కడే ఉంది."