బంతి ఎంచిన జట్టు

నేను బేస్‌బాల్ బంతిని. అమెరికాలో ఈ ఆట ఎరిగిన ఇద్దరు కలిసి కూర్చుంటే చాలు, కాసేపటికి ఒక వాదన మొదలవుతుంది. ఇప్పటిదాకా ఆడినవాళ్లందరిలోంచి తొమ్మిది మందిని ఏరుకోమంటే ఎవరిని తీసుకుంటావు? తాతామనవల మధ్య, రేడియోల్లో, పత్రికల్లో తరతరాలుగా నడుస్తున్న వాదన ఇది. విలేఖరులు చెప్పారు, కోచ్‌లు చెప్పారు, గణాంకాలు కట్టేవాళ్లు చెప్పారు. వాళ్లందరి చేతుల్లో పడి, వాళ్లందరి బ్యాట్లకూ తగిలిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే నా కథా, నా జట్టూ కలిపే చెబుతాను. ఒకటి తెలియకుండా రెండోది అర్థం కాదు.

నా నడిమధ్యన చిన్న కార్కు ముక్క, దానిమీద రబ్బరు, ఆపైన బిగించి చుట్టిన ఉన్ని దారం, అన్నిటికీ పైన రెండు తెల్లటి తోలు ముక్కలు. ఆ తోలును ఎర్రదారంతో 108 కుట్లు వేసి మూస్తారు. ఈనాటికీ ఆ కుట్లు చేత్తోనే వేస్తారు. మేజర్ లీగుల్లో ఆడే నేను పుట్టేది అమెరికాలో కాదు, కోస్టారికాలోని తురియాల్బా ఊళ్లో. నా బరువు 142 నుంచి 149 గ్రాములు. మీకు బాగా తెలిసిన క్రికెట్ బంతి నాకంటే కాస్త బరువు, నాకు అన్న వరస. ఆయన నేలను తాకి లేస్తాడు. నేను విసిరేవాడి, అంటే పిచర్ చేతిలోంచి బయల్దేరి, 60 అడుగుల 6 అంగుళాల అవతల బ్యాటర్ దగ్గరున్న ప్లేటు దాకా నేలను తాకకుండా వెళ్లాలి. తిప్పుకోవడానికి పిచ్ లేదు కాబట్టి ఉన్నదంతా కుట్లతోనే. వేళ్లు కుట్ల మీద ఎలా పడ్డాయో దాన్నిబట్టి సూటిగా దూసుకుపోతాను, పక్కకు వంగుతాను, ఆఖరి క్షణంలో కిందికి జారుతాను. కొత్త తోలు నునుపు పోయి వేళ్లకు పట్టు దొరకాలని మ్యాచ్‌కు ముందు నాకు బురద పూస్తారు. ఆ బురద న్యూజెర్సీలో డెలావేర్ నదిలో కలిసే ఒక పాయ ఒడ్డున దొరుకుతుంది. సరిగ్గా ఎక్కడో, తీసేవాళ్లు ఎవరికీ చెప్పరు.

నేను మొదటినుంచీ ఇంత తెల్లగా, ఇంత గట్టిగా లేను. 1920కి ముందు ఒకే బంతితో వీలైనంతసేపు లాగించేవారు. ప్రేక్షకుల మధ్య పడితే వెనక్కి అడిగి తీసుకునేవారు. ఉమ్మి, పొగాకు రసం, మట్టి పట్టి సాయంత్రానికి నల్లబడేదాన్ని. మెత్తబడి, ఆకారం చెడి, ఎంత బలంగా కొట్టినా దూరం పోయేదాన్ని కాదు. ఆటవాళ్లు ఆ కాలానికి డెడ్‌బాల్ యుగమని పేరు పెట్టారు.

1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో కార్ల్ మేస్ విసిరిన బంతి క్లీవ్‌లాండ్ షార్ట్‌స్టాప్ రే చాప్‌మన్ తలకు తగిలింది. అప్పటికి హెల్మెట్లు లేవు. మాసిన బంతి అతని కంటికి ఆనలేదన్నారు. మర్నాడు అతను చనిపోయాడు. మేజర్ లీగ్ చరిత్రలో పిచర్ విసిరిన బంతి దెబ్బకు పోయిన ప్రాణం అదొక్కటే. నా కథలో ఇంతకంటే బరువైన రోజు లేదు. ఆ తర్వాత అంపైర్లు మాసిన బంతిని తీసేసి తెల్లటి బంతిని ఆడించడం మొదలుపెట్టారు. ఉమ్మి పూసి విసరడాన్ని కూడా ఆ ఏడాదే నిషేధించారు, అప్పటికే దాన్ని నమ్ముకున్న కొద్దిమంది పిచర్లకు మినహాయింపుతో.

అదే 1920లో బోస్టన్ నుంచి న్యూయార్క్ యాంకీస్‌కు వచ్చిన బేబ్ రూత్ నన్ను కంచె దాటించే హోమ్‌రన్లు 54 కొట్టాడు. అంతకు ముందు ఏడాది అతనే 29 కొడితే అది రికార్డు. ఇంకోటి కూడా ఆ ఏడాదే జరిగింది. మేజర్ లీగుల తలుపులు నల్లజాతివాళ్లకు మూసి ఉంటే, ఫిబ్రవరిలో కాన్సస్ సిటీలో రూబ్ ఫాస్టర్ అనే మాజీ పిచర్ జట్ల యజమానులను కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించాడు.

జట్టు ఎంచడంలో నా నియమాలు ఆ ఒక్క ఏడాదిలోంచే వచ్చాయి. ఒక అంకెను చూసేముందు, ఆ రోజుల్లో నేను ఎలా ఉన్నానో చూడాలి. ఆ మైదానంలోకి ఎవరిని రానివ్వలేదో కూడా చూడాలి. ఇంకా ఆడుతున్నవాళ్లను తీసుకోను. 2024లో 54 హోమ్‌రన్లు కొట్టి పిచర్ కన్నుగప్పి 59 బేసులు దొంగిలించిన షోహెయ్ ఒహ్తానీ పేరు ఇక్కడ లేనిది అందుకే. అతని కథ ఇంకా నడుస్తోంది.

ఈ నియమాలు లేకుండా ఎంచితే ఏమవుతుందో 1999లో చూశాను. శతాబ్దపు జట్టు కోసం అభిమానులతో ఓటు వేయించారు. హోనస్ వాగ్నర్ ఆ ఓట్లతో నెగ్గలేదు. స్టాన్ మ్యూజియల్, క్రిస్టీ మాథ్యూసన్, లెఫ్టీ గ్రోవ్, వారెన్ స్పాన్ కూడా నెగ్గలేదు. నిపుణుల సంఘం ఆ ఐదుగురినీ చేర్చి 30 మంది జట్టు చేసింది. అంతా అయ్యాక కూడా ఆ 30 మందిలో రోబర్టో క్లెమెంటే లేడు, జోష్ గిబ్సన్ లేడు, శాచెల్ పేజ్ లేడు. ప్రేక్షకులు కళ్లారా చూసినవాళ్లకే ఓటు వేస్తారు. అందులో తప్పు పట్టను. కానీ చూసే అవకాశమే లేకుండా చేసినవాళ్ల సంగతి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి.

రెండో, మూడో బేసుల మధ్య కాచే షార్ట్‌స్టాప్‌గా హోనస్ వాగ్నర్. పిట్స్‌బర్గ్‌లో ఆడాడు. మాసి మెత్తబడిన ఆ పాత బంతిని కొట్టి ఎనిమిది సార్లు నేషనల్ లీగ్ బ్యాటింగ్ సగటులో మొదటి స్థానంలో నిలిచాడు. అతని పేరిట హోమ్‌రన్లు ఎక్కువ లేవని తీసిపారేసేవాళ్లు ఆనాటి నన్ను ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలి.

మొదటి బేసులో లూ గెరిగ్ విషయంలో వాదనే లేదు. వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడి, నరాలను తినేసే జబ్బు వస్తే తప్ప పక్కకు తప్పుకోని మనిషి. మూడో బేసులో మైక్ ష్మిట్. 548 హోమ్‌రన్లు, ఫీల్డింగ్‌కు 10 గోల్డ్ గ్లోవ్‌లు. ఒక్క ఫీల్డింగే చూస్తే 16 గోల్డ్ గ్లోవ్‌ల బ్రూక్స్ రాబిన్సన్ ముందుంటాడు, కానీ నాకు రెండూ కావాలి.

రెండో బేసు దగ్గర చాలాసేపు ఆగాను. రోజర్స్ హార్న్స్‌బీ 1924లో 0.424 సగటుతో, అంటే వెయ్యిసార్లకు 424 హిట్ల లెక్కన ఆడాడు. అయితే అది నేను తెల్లబడి చురుకైన తొలి సంవత్సరాల మాట, గాల్లోకి లేచిన బంతులు పట్టడంలో అతను అంత గట్టివాడూ కాదు. జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న, నల్లజాతివాళ్లకు మూసి ఉంచిన ఆ తలుపు దాటి మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టి ఆటను మార్చాడు. అతని 42 నంబరును 1997లో అన్ని జట్లూ విశ్రాంతికి పెట్టాయి. అంతకుమించిన గౌరవం నేనివ్వగలిగింది లేదు. అయినా తలుపు తెరిచేసరికి అతనికి 28 ఏళ్లు, ఆ లీగులో ఆడింది పదేళ్లే. కాబట్టి నా ఓటు జో మోర్గన్‌కి. 1975, 1976 రెండేళ్లూ అత్యుత్తమ ఆటగాడి బహుమతి, 689 దొంగిలించిన బేసులు, ఐదు గోల్డ్ గ్లోవ్‌లు. చెడ్డ బంతిని వదిలేయడం అతనిలా తెలిసినవాళ్లు తక్కువ.

ఎడమ ఔట్‌ఫీల్డ్‌లో టెడ్ విలియమ్స్. 1941 సీజన్ ఆఖరి రోజున అతని సగటు 0.39955. ఆడకుండా బెంచీ మీద కూర్చుంటే లెక్క సవరించి 0.400 అని రాసేవారు. అతను కూర్చోలేదు. ఆ రోజు ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిదిసార్లలో ఆరు హిట్లు కొట్టి 0.406 చేశాడు. అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత ఎవరూ 0.400 అందుకోలేదు. 762 హోమ్‌రన్ల బ్యారీ బాండ్స్‌ను ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. ఉత్ప్రేరకాల వివాదం ముసిరిన ఆ కాలపు అంకెల మీద నాకు నమ్మకం కుదరదు. విలియమ్స్‌ను ఇష్టపడటానికి ఇంకో కారణం ఉంది, కాసేపట్లో చెబుతాను.

మధ్యలో విల్లీ మేస్. 1954 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, బేసుల మీద ఇద్దరు. విక్ వర్ట్జ్ నన్ను పోలో గ్రౌండ్స్ లోతుల్లోకి కొట్టాడు. 400 అడుగులు దాటిపోయాను. మేస్ వీపు నాకు పెట్టి పరుగెత్తి, తల మీదుగా దిగుతున్న నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. లోకమంతా ఆ క్యాచ్ గురించే చెప్పుకుంటుంది. నాకు దాని తర్వాతి విసురే గొప్ప. పట్టిన ఊపులోనే గిర్రున తిరిగి, టోపీ ఎగిరిపోతుండగా నన్ను విసిరాడు. అంత పెద్ద మైదానంలో రెండు బేసులు ముందుకెళ్లగలిగే ల్యారీ డోబీ మూడో బేసు దగ్గరే ఆగిపోయాడు, పరుగు రాలేదు. మేస్ జట్టు జెయింట్స్ ఆ మ్యాచ్‌ను పదో ఇన్నింగ్స్‌లో గెలిచింది, సిరీస్‌ను 4-0తో గెలిచింది. సైన్యంలో దాదాపు రెండు సీజన్లు పోగొట్టుకుని కూడా మేస్ 660 హోమ్‌రన్లు కొట్టాడు. కొట్టడం, పరుగెత్తడం, పట్టడం, విసరడం అన్నీ ఒక్కరిలో చూడాలంటే అతన్నే చూడాలి.

కుడివైపు హ్యాంక్ ఆరన్. 1974లో రూత్ 714 హోమ్‌రన్ల రికార్డు దాటడానికి ముందు అతనికి చంపుతామని ఉత్తరాలు వచ్చాయి. నల్లవాడు ఆ అంకె దాటకూడదట. ఆరన్ దాటాడు, 755 దాకా వెళ్లాడు. ఆ హోమ్‌రన్లన్నీ తీసేసినా అతనికి 3,000 పైన హిట్లు మిగులుతాయి. నాకూ ఆ ఏడాది గుర్తే. గుర్రం తోలు కరువై నా తోలు ఆవుతోలుగా మారింది 1974లోనే. చివరి ఇన్నింగ్స్‌ల్లో ఆరన్ చోటికి క్లెమెంటేను పంపుతాను. కుడి మూలనుంచి మూడో బేసుకి అతను విసిరినంత బలంగా నన్ను విసిరినవాళ్లు అరుదు. 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి పోయాడు. అప్పటికి అతని హిట్లు సరిగ్గా 3,000.

బేబ్ రూత్ ఎక్కడ? పిచర్‌కు బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు ఒకడు ఉండొచ్చని అమెరికన్ లీగ్ 1973లో నియమం తెచ్చింది. ఆ చోటు రూత్‌దే. అవసరమైతే పిచింగ్ కూడా చేస్తాడు, పిచర్‌గా అతను గెలిచిన మ్యాచ్‌లు 94.

పిచర్లలో ముందు వాల్టర్ జాన్సన్. వాషింగ్టన్ తరఫున 417 విజయాలు, ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వని మ్యాచ్‌లు 110. ఎడమచేతివాళ్లలో శాండీ కూఫాక్స్, మోచేయి అరిగి 30 ఏళ్లకే ఆపేసినా సరే. ఆఖరి ఇన్నింగ్స్‌కు పనామావాడు మరియానో రివేరా. ఒకే రకం బంతి, కట్టర్. అదే వస్తుందని బ్యాటర్‌కు తెలుసు, తెలిసీ కొట్టలేడు. గెలుపును ఆఖరిదాకా కాపాడిన సేవ్‌లు 652. రాబిన్సన్ 42 నంబరును విశ్రాంతికి పెట్టాక కూడా మేజర్ లీగుల్లో దాన్ని నిత్యం తొడుక్కున్న చివరి ఆటగాడు అతనే.

వీళ్లతో పాటు శాచెల్ పేజ్. నల్లజాతివాడైన అతన్ని మేజర్ లీగుల తలుపు తెరిచి రానిచ్చేసరికి 1948, వయసు 42. అంత లేటుగా వచ్చి క్లీవ్‌లాండ్ జట్టుతో ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచాడు. 1965లో, 59 ఏళ్ల వయసులో, కాన్సస్ సిటీ తరఫున మూడు ఇన్నింగ్స్ విసిరి ఒక్క హిట్ మాత్రమే ఇచ్చాడు. ఆ చేతికి పాతికేళ్ల వయసులో నేను ఎలా లోబడి ఉంటానో ఊహించండి.

ఇక ప్లేటు వెనక కూర్చుని నన్ను పట్టే క్యాచర్. జానీ బెంచ్ ఉన్నాడు, యోగి బెర్రా ఉన్నాడు. ఇద్దరూ గొప్పవాళ్లే. నా ఎంపిక జోష్ గిబ్సన్. నీగ్రో లీగుల్లో హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్లకు ఆడాడు. లీగ్ మ్యాచ్‌లు, బయటి మ్యాచ్‌లు కలిపి దాదాపు 800 హోమ్‌రన్లని కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న అతని ఫలకం చెబుతుంది. 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి అప్పటికి మూడు నెలలు కూడా లేదు. పిట్స్‌బర్గ్‌లో అతని సమాధికి 1975 దాకా పేరు రాసిన రాయి లేదు.

విలియమ్స్ గురించి చెబుతానన్నది ఇక్కడే. 1966లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో తనను సన్మానిస్తుంటే, ఆ వేదిక మీదే అతను పేజ్, గిబ్సన్ పేర్లెత్తి, అవకాశం దొరకని ఇలాంటివాళ్లకు ఇక్కడ చోటు ఉండాలని అన్నాడు. అడగవలసిన అవసరం అతనికి లేదు. పేజ్‌ను 1971లో, గిబ్సన్‌ను 1972లో తీసుకున్నారు. 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ నీగ్రో లీగుల లెక్కలను తన అధికారిక రికార్డుల్లో కలిపింది. టై కాబ్ 0.367ను దాటి, గిబ్సన్ 0.372తో జీవితకాల బ్యాటింగ్ సగటులో మొదటి స్థానంలోకి వచ్చాడు. 1943లో అతని 0.466 ఒక సీజన్‌కు అత్యధికం. నీగ్రో లీగ్ సీజన్లు చిన్నవి కాబట్టి ఈ పోలిక సరికాదని కొందరంటారు. సీజన్లు చిన్నవి కావడానికి కారకులు ఆ ఆటగాళ్లు కాదు కదా.

మేనేజర్‌గా రూబ్ ఫాస్టర్. మూసిన తలుపుల బయట ఒక లీగునే నిలబెట్టినవాడు అతను.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. మీ పిల్లలు స్కూల్లో నాతో ఆడుతూనే ఉంటారు. వాళ్లను కాన్సస్ సిటీలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియంకు తీసుకెళ్లండి. అక్కడ ఒక చిన్న మైదానంలో కంచు ఆటగాళ్లు తమ తమ స్థానాల్లో నిలబడి ఉంటారు, పిచర్ స్థానంలో పేజ్, ప్లేటు వెనక గిబ్సన్. లోపలికి రాగానే ఆ మైదానం వల అవతల కనిపిస్తుంది, కానీ కథంతా చూసి ముగించాకే అందులోకి వెళ్లే దారి దొరుకుతుంది. అందులో నడిచి వచ్చాక మీ జట్టు మీరు రాసుకోండి.