దూరపు రాళ్ళు నునుపు

ఎక్కడో ఒక కొత్త వంతెన పెచ్చులూడుతుంది. ఎక్కడో ఒక అపార్టుమెంటు సెల్లారులో నీళ్ళు ఊరతాయి. గంట తిరక్కుండా వాట్సాప్‌లోకి రోమ్ నగరం దిగుతుంది. ఎడమవైపు కొలోసియం, కుడివైపు మన కల్వర్టు. కింద లావుపాటి అక్షరాల్లో: ‘సిమెంటు లేదు. ఇనుము లేదు. ఇంజినీరు లేడు. అయినా రెండు వేల ఏళ్ళుగా చెక్కుచెదరలేదు!’ ఆ కింద దండాలు పెట్టే చేతులు బారులు తీరి ఉంటాయి. పంపినవారు ఆ కల్వర్టు ఏ ఊరిదో కనుక్కోరు. ఆ కొలోసియంలో ఎంత మిగిలిందో అసలే కనుక్కోరు.

ఆ ‘లేదు’లను ఒక్కొక్కటిగా చూద్దాం. సిమెంటు లేదట. నేపుల్స్ దగ్గర పొజ్జువోలి బూడిదను సున్నంలో కలిపి, నీళ్ళలో కూడా బిగుసుకునే గచ్చు తయారుచేసింది రోమన్లే కదా! ఇనుము లేదట. కొలోసియం రాళ్ళను ఒకదానికొకటి పట్టి ఉంచడానికి దాదాపు 300 టన్నుల ఇనప బందులు పట్టి ఉంటాయని అంచనా. ఇవాళ ఆ గోడల నిండా కనిపించే గుంటలు గాలీ వెలుతురూ కోసం పెట్టినవి కావు, మధ్యయుగంలో ఇనుము కోసం జనం తవ్వుకుపోయిన చోట్లు. ఇంజినీరు లేడట. విట్రూవియస్ అనే ఆయన కట్టడాల మీద పది భాగాల గ్రంథం రాసి అగస్టస్ చక్రవర్తికి అంకితమిచ్చాడు.

ఇక చెక్కుచెదరకపోవడం. 217లో పిడుగు పడి కొలోసియం అంటుకుంటే ఏళ్ళ తరబడి ఆటలు వేరేచోట ఆడుకున్నారు. 1349 భూకంపానికి దక్షిణం వైపు బయటి గోడ కుప్పకూలింది. మిగిలింది కూడా కూలుతుందేమోనని 19వ శతాబ్దంలో పోపులు రెండు కొసలా ఆనుగోడలు కట్టించారు. చెక్కుచెదరకపోవడమంటే ఇదే అయితే మన కల్వర్టూ చెక్కుచెదరలేదు. సగం అక్కడే ఉంది.

తమ రాయి శాశ్వతమని రోమన్లే అనుకోలేదు. వాళ్ళ ఊరు కూర్చున్నది అగ్నిపర్వతాలు కక్కిన బూడిద మీద. ఆ బూడిద గట్టిపడితే వచ్చేది టూఫో రాయి. దాన్ని తవ్వడం తేలిక, చెక్కడం తేలిక, వానకు నాని పొరలూడటం మరీ తేలిక. మొదట్లో ఊరి కొండల్లోనే దొరికిన టూఫోతో కట్టుకున్నారు. క్రీ.పూ. 396లో పొరుగున ఉన్న వేయీ నగరాన్ని ఓడించాక, దాని నేలలోని క్వారీల నుంచి పసుపురంగు టూఫో తెచ్చుకున్నారు. క్రీ.పూ. 378లో మొదలెట్టి సుమారు 11 కిలోమీటర్ల ప్రాకారం లేపారు. అంటే మెరుగైన రాయి దొరకడానికి ముందు ఒక యుద్ధం గెలవాల్సి వచ్చింది. మన మెసేజీలో ఈ క్వారీ అనుమతుల విధానం ప్రస్తావన ఉండదు.

తర్వాత్తర్వాత ఆల్బన్ కొండల నుంచి పెపెరీనో, గాబీ ఊరి నుంచి మరో బూడిదరంగు రాయి, తివోలి నుంచి ట్రావర్టీన్ వచ్చాయి. ఏ రాయికి ఏ రోగముందో వాళ్ళు రాసిపెట్టుకున్నారు. కొలోసియం ముఖమంతా కట్టిన ఆ ట్రావర్టీన్ సంగతే తీసుకోండి. బరువు మోస్తుంది, వాన భరిస్తుంది, మంట తగిలితే మాత్రం పగిలి ముక్కలవుతుందని విట్రూవియస్ ముందే చెప్పాడు. అది సున్నపురాయి మరి! క్రీ.శ. 64లో రోమ్ తగలబడ్డాక నీరో చక్రవర్తి చేసిన కట్టడి ఏమిటంటే, ఇళ్ళలో కొంత భాగాన్ని దూలాలు లేకుండా, మంటకు తట్టుకునే గాబీ రాయితోనో ఆల్బన్ రాయితోనో కట్టాలని. ఫిడేలు కథ ప్రతివాడికీ తెలుసు. రాయి కథ ఎవడికీ అక్కర్లేదు.

విట్రూవియస్ చెప్పిన పరీక్ష ఇంకా ముచ్చటైనది. కట్టడం మొదలెట్టడానికి రెండేళ్ళ ముందే, ఎండాకాలంలో రాయి తీయించి ఆరుబయట పడెయ్యమన్నాడు. రెండేళ్ళ ఎండకీ వానకీ దెబ్బతిన్నది పునాదిలోకి, నిలబడ్డది గోడలోకి. రెండేళ్ళు! ఆ వ్యవధిలో మనం రాయిని పరీక్షించడమేమిటి, పద్ధెనిమిది అంతస్తుల టవరునే అమ్మేస్తాం, అదీ గొయ్యి తవ్వకముందే.

ఇంకా ఉంది. రెండిళ్ళ మధ్య ఉమ్మడి గోడకు విలువ కట్టాల్సి వస్తే, అది మెత్తటి రాతిముక్కలతో పైకి నాజూగ్గా పేర్చిన గోడ అయిన పక్షంలో, కట్టిన ఖర్చులోంచి ఏడాదికి ఎనభయ్యో వంతు తరుగు తీసేవారట. అంటే ఎనభై ఏళ్ళు నిండేసరికి గోడ విలువ సున్నా. కట్టినవాళ్ళు ఎనభై అని రాసుకున్నదాన్ని మనవాళ్ళు రెండు వేలుగా దిద్దారు. బిల్లుల్లో అంకెలు పెంచే విద్య మనకు కొత్త కాదు గానీ, ఇంత దూరం పెంచినవాడు కాంట్రాక్టర్లలో కూడా లేడు.

మామూలు జనం ఉన్న రోమ్ ఎలా ఉండేదో ఆనాటివాళ్ళనే అడగాలి. కూలడం, కాలడం, అమ్మకాల కోసం పడగొట్టి మళ్ళీ లేపడం, ఈ మూడింటి వల్ల ఊళ్ళో కట్టుబడి పని ఆగదని భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. క్రీ.పూ. 44లో వక్త సిసిరో తన మిత్రుడికి రాసిన ఉత్తరంలో, తన దుకాణాలు రెండు కూలాయనీ, మిగతావి బీటలు వారుతున్నాయనీ, అద్దెకున్నవాళ్ళే కాక ఎలుకలు కూడా ఖాళీ చేసి పోయాయనీ చెప్పుకున్నాడు. సన్నటి ఊతకర్రల మీద ఊరు నిలబడి ఉందనీ, యజమాని మనిషి బీటకు పూత పూసి ‘నిశ్చింతగా పడుకోండి’ అంటాడనీ కవి జువెనాల్ ఎగతాళి చేశాడు. పూత పూసి పడుకోమనే ఆ మనిషి వారసులను మనం ఎరుగుదుం.

ఊళ్ళో కట్టడాలు ఎందుకు కూలుతున్నాయో రోమన్ రచయిత ప్లినీ ఒక్క ముక్కలో తేల్చాడు: సున్నం దొంగతనం. గచ్చులో పడాల్సిన సున్నం పక్కదారి పట్టడంతో రాళ్ళకు పట్టు లేకుండా పోతోందన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటాం, రోమన్ల జూపిటర్ చేతిలో పిడుగుండి కూడా పట్టలేకపోయాడు. సిమెంటు బస్తాలు మాయమయ్యేది కలికాలంలోనే అని నమ్మే పెద్దలు ఈ సంగతి తెలిస్తే కాస్త కుదుటపడతారు.

క్రీ.శ. 27లో రోమ్‌కు దగ్గర్లోని ఫిదేనేలో అటిలియస్ అనే ఆసామి డబ్బు ఆశతో కొయ్య ఆంఫీథియేటర్ ఒకటి లేపాడు. పునాది గట్టి నేల మీద వెయ్యలేదు, కొయ్యల బిగింపులు సరిగా చూసుకోలేదు. జనం కిక్కిరిసి ఉండగా కూలింది. చచ్చినవాళ్ళూ దెబ్బలు తిన్నవాళ్ళూ కలిపి యాభై వేలని చరిత్రకారుడు టాసిటస్ లెక్క. అటిలియస్‌ను దేశం నుంచి వెళ్ళగొట్టారు. 4 లక్షల సెస్టర్స్ నాణేల ఆస్తి లేనివాడు పోటీలు పెట్టకూడదనీ, నేల గట్టితనం పరీక్షించకుండా ఆంఫీథియేటర్ కట్టకూడదనీ సెనేట్ తీర్మానించింది. ప్రమాదం జరిగాక నిబంధన పుట్టడమనే ఆచారానికి కూడా రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట. ఇది మాత్రం నిజంగానే చెక్కుచెదరలేదు.

ఇటుకల ఊరిని పాలరాతి ఊరుగా మార్చి వెళుతున్నానని అగస్టస్ గొప్ప చెప్పుకున్నాడట. ఆ పాలరాయిలో చాలా భాగం ముఖానికి అతికించిన పలకలే. పలక వెనక టూఫో, టూఫో వెనక రాతిముక్కల గచ్చు. పైన పటారం, లోన లొటారం. టైబర్ ఒడ్డున పోర్టునస్ గుడి ఇప్పటికీ ఉంది, టూఫో, ట్రావర్టీన్ స్తంభాలకు పాలరాయిలా కనిపించడానికి గార పూసిన గుడి. హైదరాబాదు శివార్ల విల్లాల ముందు బోలు స్తంభాలకు తెల్లరంగు వేసి ‘రోమన్ వైభవం’ అని బ్రోచర్లలో అచ్చువేసేవాళ్ళను ఇన్నాళ్ళూ అనవసరంగా ఆడిపోసుకున్నాం. రోమన్ సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నది వాళ్ళే.

అయినా పాంథియన్ నిలబడి ఉంది కదా అంటారు. ఉంది. ఆ చోట సేనాని అగ్రిప్పా కట్టించిన మొదటి పాంథియన్ క్రీ.శ. 80లో కాలిపోయింది. తర్వాత కట్టినది కూడా 110 ప్రాంతంలో కాలింది. ఫోటోలో కనిపించేది హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయినది. 609లో దాన్ని చర్చి చేశారు కాబట్టి అది బతికింది. లోపల ప్రార్థన జరుగుతున్నంత కాలం పైకప్పు చూసుకునేవాడు ఒకడుంటాడు. అలా ఏ దేవుడూ అద్దెకు దిగని కట్టడాల గతి వేరు. 15వ శతాబ్దంలో పోప్ అయిదో నికొలస్ హయాంలో ఒక్క ఏడాదిలోనే కొలోసియం నుంచి రెండు వేలకు పైగా బళ్ళ రాయి తరలింది. పాలరాతి విగ్రహాలు, శాసనాలు సున్నపు బట్టీల్లో కాలాయి. అది చూడలేక 16వ శతాబ్దంలో చిత్రకారుడు రఫాయెల్ పోప్ పదో లియోకు మొరపెట్టుకున్నాడు. మన అమరావతి స్తూపం పలకలు కొన్ని సున్నమైపోయాయని నొచ్చుకుంటాం గానీ, రోమ్‌లో అది కొన్ని వందల ఏళ్ళ పాటు సాగిన వృత్తి. కూలినవన్నీ ఫోటోకు దొరకవు, దొరికినదాన్నే చూసి లెక్క కడతాం. చచ్చినవాడి కళ్ళు చారెడు.

ఇదంతా రోమన్లను తక్కువ చెయ్యడానికి కాదు. పాంథియన్ గుమ్మటం గచ్చులో అడుగున బరువైన రాతిముక్కలు వేసి, పైకి పోయేకొద్దీ తేలికవి, శిఖరం దగ్గర నురగరాయి వేసినవాళ్ళకు ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే. వాళ్ళ గచ్చులో మిగిలిపోయిన సున్నపు గుళ్ళలోకి నీరు దిగితే సున్నం కరిగి బీటను పూడ్చగలదని 2023లో ఎం.ఐ.టి. పరిశోధకులు చూపించారు. కాకపోతే ఆ గుమ్మటం తన బరువునే మోసుకుంటూ కూర్చుంటుంది, దాని మీద ఇసుక లారీలు తిరగవు. వంగకుండా సాగకుండా లారీలు మొయ్యాలని మన వంతెనలో ఊచలు పెట్టాం, నీరు చేరితే ఆ ఊచ తుప్పుపడుతుంది. నీరు చేరకుండా చూడాల్సినవాడు చూశాడా అన్నది ప్రశ్న. ఆ ప్రశ్న అడిగితే టెండరు కాగితాలు తియ్యాలి, సంతకాలు చదవాలి. కొలోసియంకు దణ్ణం పెడితే ఆ బాధ లేదు. గత వైభవం మీద భక్తి పెరిగేకొద్దీ ఇవాళ్టి కాంట్రాక్టరు నిద్ర గాఢమవుతుంది.

కాబట్టి రోమన్ భక్తులకు ఒక విన్నపం. మాటలతో సరిపెట్టకుండా ఆచరణలోకి దిగండి. ఇల్లు కట్టబోయే ముందు రాయి తెచ్చి రెండేళ్ళు ఎండబెట్టండి. ఫ్లాటు అమ్మేటప్పుడు ఏడాదికి ఎనభయ్యో వంతు తగ్గించి ధర చెప్పండి. స్కారస్ అనే శ్రీమంతుడు భారీ పాలరాతి స్తంభాలను పాలటైన్ కొండ మీది తన ఇంటికి లాగించుకుంటే, కాలవలు దెబ్బతింటాయేమోనని మురుగుకాలవల గుత్తేదారు ఆయన దగ్గర ముందుగా పూచీ రాయించుకున్నాడని ప్లినీ చెబుతాడు. మీ వీధిలోకి కంకర లారీ తెచ్చే బిల్డరు దగ్గర అలాంటి పూచీ రాయించుకోండి. వీటిలో ఏ ఒక్కటి చేసినా మీ మెసేజీని నేనే నలుగురికి పంపుతాను. ఏదీ కుదరదంటారా? అయితే కనీసం మీ ఊరి కల్వర్టు టెండరు కాగితాలు సమాచార హక్కు కింద అడగండి. దానికి లాటిన్ రానక్కర్లేదు, పది రూపాయలు చాలు.