మా రోజుల్ల ఆకు అడ్డం కాకుండె

మా భైంసా చుట్టూ పత్తి చేన్లే. అక్కడ మనుబోతు వస్తే పెద్ద లెన్సు ఉన్నోళ్లు ఎవరైనా ఫొటో తీస్తరు. అసలు పరీక్ష నిర్మల్ దాటి కడెం మీదుగ జన్నారం దిక్కు పోయినంకనే. కవ్వాల్ టేకడవి అది. 1965ల అభయారణ్యమైంది, 2012ల పులుల రిజర్వు అయింది.

మా రోజుల్ల 400 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 5.6, లోపల 100 ఐఎస్ఓ రీలు. వానలు తగ్గినంక ఆకు దట్టంగ ఉన్నప్పుడు పట్టపగలు సుత చెట్ల కింద సెకనుల 30వ వంతు షట్టరే దొరికేది. అసొంటి లెన్సు చేతుల వణకకుండ ఉండాలంటె 400వ వంతు కావాలె. అందుకే చెట్టుకు ఆనుకొని, ఊపిరి బిగవట్టి, దుప్పి చెవులు నిక్కించి నిలవడ్డ క్షణానికే బటన్ నొక్కేటోళ్లం. రీలుకు 36 బొమ్మలే. దుప్పి ఎప్పుడు ఆగుతదో తెలువాలంటె ముందు దుప్పి తెలువాలె. మాఘ ఫాల్గుణాలకు ఆకు రాలి అడవి తెరుచుకుంటది గాని, కాలు పెడితె ఎండుటాకు అప్పడం లెక్క పలుగుతది. గంటలకొద్ది కూసునుడే మా పని.

ఇప్పుడు 6400 ఐఎస్ఓ పెట్టి అదే నీడల 2000వ వంతు కొడ్తున్నరు. మంచిదే, ఆ వెలుగు మాకు దొరకలే. కాని లెన్సు గుణం మారలేదు గద! దుప్పి పది మీటర్ల దూరంల ఉంటె 400 లెన్సుకు పదునుగ వచ్చేది జానెడు లోతే. ముందట ఒక్క పుల్ల వస్తే ఆటోఫోకస్ పుల్లనే పట్టుకుంటది. అప్పుడు రింగు చేత్తోని తిప్పాలె. తిప్పరు. సెకనుకు ఇరవై బొమ్మలు కొట్టి, అండ్ల ఒకటి దొరకదా అని చూస్తరు.

1920లల్ల ఛాంపియన్ అనే అటవీ అధికారి పులి నడిచే బాటల తీగ కట్టి, పులి కాలు తగిలితేనే ఫొటో పడేటట్టు చేసిండు. ఏ బాటల పులి వస్తదో చదువుకున్న మనిషి. మహారాష్ట్ర దిక్కు నుంచి మన అడవికి దిగే పులులను గుర్తువట్టేటందుకు ఇప్పుడు బాటల పొంటి కెమెరాలు కడ్తున్నరు, చారలు చూసి ఇది ఫలానా పులి అని చెప్తున్నరు. దానికీ బాట తెలువాలె.

నాకు కడుపు మండేది ఇంకొకటి. ఆకు అడ్డమొచ్చిందని బండి ఆపించి కొమ్మ విరిచినోళ్లను నా కండ్లతోని చూసిన. విరువనోళ్లు ఇంటికి పోయి కంప్యూటర్ల ఆకును తుడిచేస్తున్నరు. టేకాకు నీడ దుప్పి చుక్కలల్ల కలిసిపోవుడే దుప్పిని బతికిస్తది. ఆ ఆకు తీసేస్తె అది జూల దుప్పి ఫొటోనే.

పిల్లలూ, ఆకు అడ్డమొస్తె బండి రెండు గజాలు వెనుకకు తీయమనుండ్రి. రింగు తిప్పుండ్రి. అయినా రాకుంటె ఆకుతోనే తీయుండ్రి. కొమ్మ మీద మాత్రం చెయ్యి వెయ్యకుండ్రి.