దిగంబరుడికీ బూటు బెంగే!

బట్టలన్నీ బంధనాలేనట, బూట్లు మాత్రం కావట! జర్మనీలోని హార్జ్ కొండల్లో 2010లో నగ్న నడకరాయుళ్ల కోసం 18 కిలోమీటర్ల బాట తెరిచారు. అక్కడికొచ్చే విరాగులు చొక్కా, లాగు చిటికెలో వదిలేస్తారు. పాదరక్షల దగ్గరికొచ్చేసరికి మాత్రం పెళ్లిచూపులంత పరీక్ష! రాళ్లదారికి చీలమండను పట్టి ఉంచే బూటు, బురదకు లోతైన గాడులున్న అడుగు, వాగుకు నీళ్లు నిలవని శాండల్. గడ్డిలో పిడుదులకు మాత్రం ఏ బూటూ అడ్డు కాదు. అవి మేజోడు దాటాకే భోజనానికి కూర్చుంటాయి.

బ్రిటన్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నగ్నంగా నడిచి, పలుమార్లు జైలుకెళ్లిన స్టీఫెన్ గాఫ్ సైతం బూట్లు, మేజోళ్లు విడవలేదు. స్వేచ్ఛ మెడ నుంచి మడమ దాకానే అన్నమాట!

ఇక స్విట్జర్లాండ్‌లోని అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ ప్రాంతం 2009లో నగ్న నడకను నిషేధించి, 200 ఫ్రాంకుల జరిమానా పెట్టింది. జేబే లేనివాడికి జరిమానా! కాబట్టి అటు వెళ్లే దిగంబరులు అడుగు పట్టు, మడమ ఎత్తు చూడటం మానేసి, రెండు వందల ఫ్రాంకులు దాచుకునేంత వదులున్న బూటు ఎంచుకుంటే మేలు.