టిక్కు పడింది, లెక్క రాలేదు

మన పిల్లల లెక్కల సమస్య తీరిపోయింది. నమ్మకం లేకపోతే లెక్కల వెబ్‌సైటు డ్యాష్‌బోర్డు తెరిచి చూడండి, గడులన్నీ పచ్చగా కళకళలాడుతుంటాయి. హెడ్మాస్టరుగారు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టారు. ఎంఈవోగారు బొటనవేలు ఎత్తారు. తల్లిదండ్రులు దణ్ణాలు పెట్టారు. ఇంతమంది పెద్దలు ఆమోదించాక కూడా ఏడో తరగతి కుర్రాడికి 2/3 పెద్దదో 3/4 పెద్దదో తేలకపోతే, అది వాడి సొంత వ్యవహారం.

పూర్వం లెక్క తప్పితే మాస్టారు "ఎలా చేశావురా?" అని అడిగేవారు. అడిగే ముందు చెవి మెలిపెట్టేవారు, అది వేరే సంగతి. వెబ్‌సైటు మర్యాదస్తురాలు. చెవి పట్టుకోదు, ఎలా చేశావనీ అడగదు. నాలుగు ఆప్షన్లు ఇస్తుంది. మొదటిది కాకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది. ఖాన్ అకాడమీ అభ్యాసాల్లో హింటు మీద హింటు నొక్కుకుంటూ పోతే ఆఖరి హింటులో జవాబే దర్శనమిస్తుంది. ఈ రహస్యం కనిపెట్టడానికి పిల్లలకు ఒక్క పూట చాలు. ఐఎక్సెల్ అనే సైటులో స్కోరు తొంభై దాటాక ఒక్క తప్పు చేస్తే చాలు, వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు కిందికి జారాల్సిందే. ప్రాడిజీ అనే లెక్కల ఆటలో భిన్నం చేస్తే రాక్షసుడి మీద మంత్రం పడుతుంది. నాన్న మెంబర్‌షిప్ కడితే మరింత ముద్దొచ్చే పెంపుడు జంతువులు దొరుకుతాయి. భిన్నాల కంటే ముందు వర్గభేదం అర్థమయ్యే బోధన ఇదే.

ఇక ఇంట్లో స్ట్రీక్ పూజ. రోజూ లెక్క చేయకపోతే వరస తెగిపోతుంది. పిల్లాడు నిద్రపోయాడు కదా, వంశప్రతిష్ఠ ఏం కావాలి? రాత్రి పదకొండింటికి తండ్రిగారే కళ్లజోడు సవరించుకుని క.సా.గు. కడుతుంటారు. మర్నాడు ఫోను మోగుతుంది: "మీ అబ్బాయి అద్భుతంగా పురోగమిస్తున్నాడు!" నిజమే, నలభై రెండేళ్ల వయసులో పురోగమిస్తున్నాడు.

ఇది కొత్త జబ్బేం కాదు. 1920ల్లోనే అమెరికాలో సిడ్నీ ప్రెస్సీ అనే ఆయన పరీక్షల యంత్రం కనిపెట్టాడు. సరైన జవాబులు నొక్కితే మిఠాయి రాల్చే ఏర్పాటు కూడా దానికి చేశాడు. వందేళ్లలో మనం మిఠాయి తీసేసి పచ్చ టిక్కు పెట్టాం. పళ్లు పుచ్చవు, ఆ మేరకు ప్రగతే. 1973లో ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అనే పన్నెండేళ్ల కుర్రాడి కథ రాశాడు. వాడి బడిలో ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి ఉండేది. లెక్కలు చేయడం, జవాబుల కీతో సరిచూడటం, ముందుకు పోవడం. బెన్నీ చకచకా పోయాడు. టీచరు దృష్టిలో వాడు మంచి విద్యార్థి. ఎర్ల్‌వాంగర్ పక్కన కూర్చుని అడిగితే 2/10ని దశాంశంలో 1.2 అన్నాడు. రెండూ పదీ కూడితే పన్నెండు కదా, మధ్యలో చుక్క పెట్టాడు. వాడి దృష్టిలో గణితమంటే కీ మనసులో ఏముందో కనిపెట్టే ఆట. ఇన్ని టిక్కుల మధ్య అంతవరకూ ఎవరూ ఒక్కసారి "ఎందుకురా?" అనలేదు.

మనం మాత్రం బెన్నీని టోకున తయారు చేయాలని నడుం కట్టాం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లను ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా పంచడం మొదలుపెట్టింది. 2024 జులైలో ఆ కంపెనీ మీదే దివాలా విచారణ మొదలైంది. కారణం, క్రికెట్ బోర్డుకు రూ.158 కోట్ల బాకీ. తీసివేతలు నేర్పే సంస్థకు తీసివేతే ఎదురైంది. జెండా రంగు మారినా, పెట్టె తెరిచి ఫొటో దిగే సరదా మాత్రం ఏ పార్టీకీ తీరదు.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లో గట్టిగా ముందుకొచ్చారని మురళీధరన్, సింగ్, గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉంటే, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆగిన చోటికే వెళ్లి మొదలుపెట్టింది. తెర ముందు ముప్పావు గంట అయితే, మరో ముప్పావు గంట మనిషి చిన్న గుంపును కూర్చోబెట్టుకుని చెప్పాడు. మనవాళ్లు ఈ అధ్యయనంలో తెర దగ్గర ఆగి జీవో రాసేశారు. మనిషి దాకా చదివితే టీచరు పోస్టులు నింపాలి, సిలబస్ తొందర మానాలి, వెనకబెంచీ పిల్ల రఫ్ నోట్సు తెరిచి చూడాలి. అంత శ్రమ ఎవరికి ఓపిక?

అందుకే నాదో మనవి. పిల్లల్ని ఈ టిక్కుల పథకం నుంచి పూర్తిగా తప్పించండి. టిక్కులు పెద్దలకే కావాలి కాబట్టి బటన్లూ పెద్దలే నొక్కాలి. పగలు టీచర్లు, రాత్రి తండ్రులు, సమీక్షా సమావేశాల్లో అధికారులు. గ్రాఫు ఆకాశాన్ని అంటుతుంది, ఎవరి ఉద్యోగానికీ ఢోకా ఉండదు. ఒక్కటే ప్రమాదం: ఊరికే వదిలేసిన పిల్లలు వీధిలో పదిహేడు గోళీలు నలుగురు పంచుకుంటూ, ఆ మిగిలిన ఒక్కటి ఎవరిదని కొట్టుకుంటూ, ఎవరి అనుమతీ లేకుండా శేషం అంటే ఏమిటో నేర్చేసుకుంటారు. దాన్ని అరికట్టే యాప్ ఏదైనా ఉంటే వెంటనే టెండర్ పిలవాలి.