కండువా మార్చిన కుర్చీలు

ఎన్నికల్లో ఎవరు గెలిచారన్న ప్రశ్నకు మన దగ్గర ఒక్క ముక్కలో జవాబు దొరుకుతుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఓటరు 175 సీట్లలో 164 ఒక కూటమి ఒళ్లో పోసి, మిగతా 11 ఎదుటివారికి చిల్లర కింద విదిల్చాడు. లెక్క తెగిపోయింది. అదే ఏడాది నవంబరు 5న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఎవరు గెలిచారని అడిగి చూడండి. "ఏ కుర్చీ సంగతి అడుగుతున్నారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది.

మా వీధిలో ఒక రిటైర్డ్ తహసీల్దారు గారున్నారు. వాళ్లబ్బాయి ఆ రాష్ట్రంలోనే క్యారీలో ఉంటాడు. రాజధాని రాలీని ఆనుకుని, వేంకటేశ్వరస్వామి గుడికి 87 అడుగుల గోపురం కట్టుకున్న ఊరది. ఆ గోపురాన్ని 2022 దీపావళి నాడు ప్రారంభించింది అప్పటి గవర్నరు రాయ్ కూపర్. అందుచేత తహసీల్దారు గారికి అక్కడి రాజకీయాల మీద ఆసక్తితో పాటు కాస్త భక్తి కూడా ఉంది.

"అక్కడ ట్రంపే గెలిచాడట కదండీ?" అన్నారోసారి.

"గెలిచాడండీ, 1,83,000 ఓట్ల తేడాతో."

"అయితే గవర్నరు కూడా వాళ్లవాడే అయ్యుంటాడు."

"కాదండీ. డెమొక్రాట్ జోష్ స్టైన్. 8 లక్షల పైచిలుకు మెజారిటీ."

"అది వేరే ఎన్నికా?"

"అదే రోజు, అదే కాగితం, అదే పెన్ను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరు హక్కుదారులు రావడం రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి కొత్త కాదు. ఇద్దరికీ ఒకే మనిషి, ఒకే పూట, పూర్తి స్పృహలో ఉండి రాసివ్వడం మాత్రం ఆయన సర్వీసులో లేదు.

మనకు గవర్నరంటే మొన్నటిదాకా రాజ్‌భవన్ అనిపించుకున్న లోక్‌భవన్‌లో ఉండి బిల్లులు దగ్గర పెట్టుకునే పెద్దమనిషి. అక్కడ గవర్నరే ముఖ్యమంత్రి. కాకపోతే పక్కన కూర్చునేవాళ్లలో చాలామందిని ఎంచుకునే సుఖం ఆయనకు లేదు. లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్, విదేశాంగంతో ఏ సంబంధమూ లేని సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఆడిటరు, ట్రెజరరు, బడి చదువులకొకరు, వ్యవసాయానికొకరు, బీమాకొకరు, కార్మికశాఖకొకరు. గవర్నరుతో కలిపి పదిమంది. అందరినీ జనమే విడివిడిగా ఎన్నుకుంటారు. ఒకప్పుడు ఒక్క గడి నింపితే పార్టీ మొత్తానికి ఓటు పడిపోయేది. 2013లో చట్టం చేసి ఆ సదుపాయం తీసేశారు. దాంతో ఓటరు ఒక్కో గడి దగ్గరా ఆగాల్సి వచ్చింది. ఆగాడు గనుక ఆలోచించాడు. ఆలోచించే ఓటరు ఎంత ప్రమాదమో రెండు పార్టీలకూ అప్పటి నుంచే తెలిసివస్తోంది.

2024లో ఆ పది కుర్చీలు సరిగ్గా చెరి అయిదు అయ్యాయి. వారసత్వం మన సొంత సరుకనుకునేవాళ్లు ఒక పేరు రాసుకోండి: లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన రేచెల్ హంట్, నాలుగుసార్లు గవర్నరు చేసిన జిమ్ హంట్ గారి కూతురు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఎలెయిన్ మార్షల్ 1996లో కారు రేసుల మహావీరుడు రిచర్డ్ పెట్టీని ఓడించి కుర్చీ ఎక్కారు. ఇంకా దిగలేదు. వ్యవసాయ కమిషనరు స్టీవ్ ట్రాక్స్‌లర్‌దీ 2005 నుంచి అదే వరస. ఈవిడ డెమొక్రాట్, ఆయన రిపబ్లికన్. ఇద్దరినీ ఎవరూ కదపరు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు కూడా. పదవిలో చిరాయువుగా ఉండటానికి అంతకంటే మంచి మందు లేదు.

కార్మిక కమిషనరు కథ కాస్త తీరిగ్గా చెప్పాలి. ఆ రాష్ట్రంలో లిఫ్టులు తనిఖీ చేసే పని కార్మికశాఖది. తనిఖీ అయ్యాక లిఫ్టు గోడకు ఒక సర్టిఫికెట్ తగిలిస్తారు. 2001లో కమిషనరైన చెరీ బెర్రీ అనే రిపబ్లికన్ మహిళ ఆ సర్టిఫికెట్ మీద తన ఫొటో వేయించారు. అంతే. ఆసుపత్రిలో, ఆఫీసులో, హోటల్లో, ఏ అంతస్తుకు పోవాలన్నా ఆవిడ చిరునవ్వు తప్పదు. లిఫ్టులో పక్కమనిషి కళ్లలోకి చూడటం మర్యాద కాదు కనక జనమంతా ఆ ఫొటో కళ్లలోకే చూసేవాళ్లు. ఇరవై ఏళ్లు ఏకధాటిగా గెలిచారు. లిఫ్టుల మహారాణి అని బిరుదు కూడా వచ్చింది. ఆమె తరవాత వచ్చినాయన, పాపం పెద్దమనిషి, ఫొటో మానేశారు. ఒక్క టర్ముతో ఇంటికెళ్లారు. 2024లో గెలిచిన ల్యూక్ ఫార్లీ అయితే కమిషనరు ఫొటోను మళ్లీ లిఫ్టుల్లోకి తెస్తానని చెప్పి మరీ ప్రచారం చేశారు. పట్టాదారు పాసుపుస్తకం మీదా సరిహద్దు రాయి మీదా ముఖ్యమంత్రి బొమ్మ చూసి, ఆ తరవాత ఆ బొమ్మలు చెరపడం కూడా చూసిన మనం నవ్వడానికి తొందరపడకూడదు. కానీ మనవాళ్లకు ఇన్నేళ్లలో లిఫ్టు ఎందుకు తట్టలేదన్నది ఆశ్చర్యమే. మనిషి కదలడానికి వీల్లేని చోట బొమ్మ పెట్టాలన్నది ప్రచారశాస్త్రంలో మొదటి పాఠం.

ఇక లెఫ్టినెంట్ గవర్నరు. ఈ పదవి హైదరాబాదులో పుట్టిన ఆడపడుచులకు బాగా అచ్చొచ్చింది. మేరీలాండ్‌లో అరుణా మిల్లర్ ఉన్నారు, నార్త్ కరోలినాకు పొరుగునే ఉన్న వర్జీనియాలో 2025 నవంబరులో గజాలా హష్మీ గెలిచారు. నార్త్ కరోలినాలో గవర్నరుకూ ఈ పదవికీ జమిలి పోటీ లేదు కాబట్టి ఇద్దరూ చెరో పార్టీ కావచ్చు. రాయ్ కూపర్ డెమొక్రాట్, ఆయన కింద లెఫ్టినెంట్ గవర్నరు మార్క్ రాబిన్సన్ రిపబ్లికన్. గవర్నరు రాష్ట్రం గీత దాటాడంటే పగ్గాలు లెఫ్టినెంట్ చేతికి పోతాయని వాళ్ల రాజ్యాంగంలో ఉంది. 2023 అక్టోబరులో కూపర్ పని మీద జపాన్ వెళ్లారు. రాబిన్సన్ వెంటనే తాత్కాలిక గవర్నరు హోదాలో ఇజ్రాయెల్‌కు సంఘీభావ వారమంటూ ఒక ప్రకటన జారీ చేసేశారు. మరుసటి ఏడాది కమలా హారిస్ ఉపాధ్యక్ష అభ్యర్థి కోసం వెతుకుతుంటే కూపర్ తన పేరు పరిశీలించవద్దన్నారు. ప్రచారానికని ఊళ్లు తిరిగితే ఇంటి దగ్గర ఏం జరుగుతుందోనన్న భయాన్ని ఒక కారణంగా ఆయనే చెప్పారు. దేశానికి ఉపాధ్యక్షుడయ్యే అవకాశాన్ని ఇంటికి తాళం పెట్టలేక వదులుకున్న నాయకుణ్ని నేను ఇంకెక్కడా వినలేదు.

ఆ రాబిన్సనే 2024లో గవర్నరు పదవికి నిలబడ్డారు. మార్చిలో ట్రంప్ ఆయన్ని మార్టిన్ లూథర్ కింగ్‌ను మించినవాడన్నంతగా ఎత్తేశారు. సెప్టెంబరులో సీఎన్‌ఎన్, ఏళ్ల కిందట ఒక అశ్లీల వెబ్‌సైటులో ఆయన రాసినవంటూ కొన్ని వ్యాఖ్యలు బయటపెట్టింది. అవి తనవి కావన్నారాయన. రెండు రోజులకు విల్మింగ్టన్‌లో ట్రంప్ సభ జరిగితే అందులో రాబిన్సనూ లేరు, రాబిన్సన్ పేరూ లేదు. పొగడ్త వెనక్కి తీసుకోవడానికి మాట్లాడక్కర్లేదు, మౌనం చాలు. ట్రంప్‌కు పడ్డ ఓట్లకన్నా రాబిన్సన్‌కు పడ్డవి ఆరున్నర లక్షలు తక్కువ.

పార్లమెంటు సీట్ల సంగతి క్లుప్తంగా చాలు. ఆ రాష్ట్రానికి 14 ఉన్నాయి. 2022లో ఏడూ ఏడూ. మధ్యలో ఓటరు మారలేదు, మ్యాపు మారింది. 2024లో రిపబ్లికన్లకు పదీ, డెమొక్రాట్లకు నాలుగూ. ఆ నాలుగులో ఒకటి కొద్దిలో తప్పించుకుంది. ఆ ముచ్చట కూడా తీర్చుకోవడానికి 2025 అక్టోబరులో మళ్లీ గీతలు గీశారు.

అసలు కథ ఓట్ల లెక్కింపు అయ్యాక మొదలైంది. మన దగ్గర ఫలితాల తరవాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఒక గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే నియోజకవర్గం అభివృద్ధి కోసమని తలవంచుతాడు, ఎవరో కండువా కప్పుతారు, ఫొటో దిగుతారు. కండువా కాదు శాలువా అంటారు తరవాత. తెలంగాణలో 10 మంది సంగతి తేల్చమని సుప్రీంకోర్టు 2025 జులైలో స్పీకరుకు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. నార్త్ కరోలినాలో ఇంత శ్రమ లేదు. మనుషులు పార్టీ మారడం అరుదు. అధికారాలకే కండువా కప్పుతారు.

2016లో కూపర్ మొదటిసారి గెలవగానే, ఇంకా ప్రమాణం కూడా చేయకముందే, రిపబ్లికన్ శాసనసభ డిసెంబరులో ప్రత్యేక సమావేశం పెట్టింది. అంతకుముందున్న తమ పార్టీ గవర్నరుకు 1,500 దాకా ఉద్యోగాలు తన ఇష్టప్రకారం నింపుకునే వీలిచ్చినవాళ్లే, కొత్తాయన వచ్చేసరికి దాన్ని 425కు కోసేశారు. ఎన్నికల బోర్డు రూపు కూడా మార్చేశారు. అది కోర్టులో నిలవలేదు. 2018లో బోర్డు నియామకాన్ని గవర్నరు చేతిలోంచి లాగేందుకు రాజ్యాంగ సవరణే పెట్టి జనాన్ని అడిగారు. బతికున్న మాజీ గవర్నర్లు అయిదుగురూ, రెండు పార్టీలవాళ్లూ, కలిసొచ్చి వద్దన్నారు. ఓటర్లలో దాదాపు 62 శాతం వద్దన్నారు. 2023లో నియామకం తామే చేస్తామని చట్టం చేశారు. దాన్నీ కోర్టు కొట్టేసింది. ఇంత పట్టుదల చదువులో పెడితే ఎవరైనా ఐఏఎస్ అవుతారు.

2024లో ఉపాయం దొరికింది. ఆడిటరు కుర్చీ చాలాకాలానికి రిపబ్లికన్ల వశమైంది, డేవ్ బోలిక్ గెలిచారు. గెలిచిన రెండు వారాలకే 131 పేజీల బిల్లు ఒకటి కొన్ని గంటల వ్యవధిలో సభ ముందుకొచ్చి పాసైంది. బిల్లు పైన రాసి ఉన్నది హెలీన్ తుఫాను బాధితుల సాయం. సెప్టెంబరు చివర్లో ఆ తుఫాను రాష్ట్రంలోని పడమటి కొండప్రాంతాన్ని తుడిచిపెట్టిన మాట నిజం. ఆ పేరుతో 22.7 కోట్ల డాలర్లు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి వెళ్లిన మాటా నిజం. ఆ ఖాతాలోంచి బాధితుడి చేతికి ఎప్పుడు వెళ్లాలో మాత్రం అందులో లేదు. మిగతా పేజీల్లో ఉన్నది: ఎన్నికల బోర్డును ఇకనుంచి ఆడిటరు నియమిస్తాడు. కోర్టుల్లో అటార్నీ జనరల్ శాసనసభకు ఎదురు వాదించకూడదు. పై కోర్టుల్లో జడ్జీ సీటు ఖాళీ అయితే, దిగిపోయినాయన పార్టీ ఇచ్చే జాబితాలోంచే గవర్నరు ఎంచుకోవాలి. గవర్నరు, అటార్నీ జనరల్, ఇద్దరూ డెమొక్రాట్లే కావడం కాకతాళీయమని మనం నమ్ముదాం.

కూపర్ వీటో చేశారు. ఆ వీటోను తిరగదోడాలంటే దిగువసభలో 72 మంది కావాలి. కొత్తగా ఎన్నికైన సభలో రిపబ్లికన్లు 71 మందే. కానీ కొత్త సభ జనవరిలో కదా వచ్చేది. పాత సభలో లెక్కకు 72 ఉన్నారు. తుఫాను దెబ్బతిన్న జిల్లాల నుంచి వచ్చిన ముగ్గురు రిపబ్లికన్లు మొదట ఇది సాయం కాదని వ్యతిరేకించినవాళ్లే. డిసెంబరు 11న అదే ముగ్గురు చేతులెత్తారు. వీటో పోయింది. పాతవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ ఫ్యానులు కూడా విప్పుకుపోయారు.

ఒక్క ఓటు విలువ ఎంతో తెలుసుకోవాలంటే జడ్జీ సీటు చూడాలి. అక్కడ సుప్రీంకోర్టు జడ్జీలను కూడా జనమే ఎన్నుకుంటారు. 55 లక్షలకు పైగా ఓట్లు పోలైతే ఆలిసన్ రిగ్స్ 734 ఓట్లతో గెలిచారు. రెండుసార్లు తిరిగి లెక్కపెట్టినా గెలుపు మారలేదు. ఓడిన జెఫర్సన్ గ్రిఫిన్ స్వయంగా అప్పీళ్ల కోర్టు జడ్జీ. ఆయన 60 వేలకు పైగా ఓట్లు చెల్లవని కోర్టుకెక్కారు. ఎక్కువమంది విషయంలో అభ్యంతరం, ఓటరు రికార్డులో లైసెన్సు నంబరో సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలో లేవని. రిగ్స్ తల్లిదండ్రులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆధార్ లింకు కాలేదని బియ్యం ఆపిన రేషన్ డీలరు మనసు అమెరికా న్యాయమూర్తికి ఎలా వచ్చిందో! ఆరు నెలల పాటు కోర్టులు తిరిగాక 2025 మేలో ఫెడరల్ జడ్జీ రిగ్స్ పక్షాన తీర్పిచ్చారు. గ్రిఫిన్ ఓటమి ఒప్పుకున్నారు.

ఇదే మే నెల మొదటి తేదీన బోలిక్ కొత్త ఎన్నికల బోర్డును నియమించారు. ముగ్గురు రిపబ్లికన్లు, ఇద్దరు డెమొక్రాట్లు. ఆ చట్టం చెల్లదని కింది కోర్టు చెప్పింది గానీ పై కోర్టు ముందురోజే ఆ తీర్పును ఆపేసింది. లెక్కలు తనిఖీ చేయాల్సిన ఆడిటరు ఓట్ల లెక్కకు పెద్దమనుషులను నియమించడం అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేదట. స్టైన్‌ను 8 లక్షల మెజారిటీతో గవర్నరును చేసిన జనం ఆడిటరు గడి దగ్గరికొచ్చేసరికి ఏ ఆలోచనతో పెన్ను పెట్టారో ఏమో. ఎన్నికల బోర్డు అందులో ఉందని బ్యాలెట్ మీద రాయలేదు మరి, అప్పటికి లేదు కూడా.

ఇదంతా విని తహసీల్దారు గారు ఒకటే అన్నారు: "మ్యుటేషన్ అయిపోయింది."

పాఠకులకో మనవి. క్యారీలోనో షార్లెట్‌లోనో పౌరసత్వం వచ్చిన మీ అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈ ఆదివారం వీడియో కాల్‌లో మనవడి తెలుగు ముక్కలు విన్నాక ఒక్క మాట చెప్పండి. 2028లో ఆడిటరు పదవికి మళ్లీ ఎన్నిక ఉంది. పైన రెండు గడులు నింపి కాగితం మడిచేయకుండా, కింద దాకా చదివి ఓటేయమనండి.